పాత అంబాసిడర్‌లో ఏసీ: రెండు నెలలు, యాభై నాలుగు వేలు

మాది 1997 మోడల్ అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్. ఇసుజు పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు. నాన్న కొన్నారు, ఆయన పోయాక నాకు వచ్చింది. అందులో ఉన్న ఏసీ కంపెనీది కాదు, బండి కొన్న ఏడాదే విజయవాడలో బయట బిగించినది. డ్యాష్‌బోర్డు కింద వేలాడే నల్ల పెట్టె, దానికి మూడు గుండ్రటి గాలి రంధ్రాలు, రెండు నాబ్‌లు. ముందు సీట్లో పొడుగు మనిషి కూర్చుంటే మోకాలు దానికి తగలాల్సిందే. చాలా ఏళ్లుగా అది వేడిగాలి కొట్టే ఫ్యాన్‌గానే బతుకుతోంది.

ఈ ఏడాది (2025) దాన్ని బాగు చేయించడానికి కారణం అమ్మ. ఆవిడకి డెబ్బై ఆరు. ఇంట్లో వేరే చిన్న కారుంది, దానికి ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ అందులో ఎక్కాలంటే అమ్మ నడుం వంచి, తల వంచి కిందికి దిగబడాలి. మోకాళ్లు సహకరించవు. అంబాసిడర్‌లో సీటు ఎత్తు, డోరు వెడల్పు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఏలూరులో అక్క వాళ్లింటికి వెళ్దామంటే ఒకటే మాట: "ఆ బండిలోనే వస్తాను, కానీ ఎండలో రాను." వేసవిలో ఎండ లేని టైము విజయవాడలో ఎక్కడ దొరుకుతుంది?

మార్చి చివరి వారంలో ఫోన్లు మొదలుపెట్టాను. అడిగిన చోటల్లా ఒకే జవాబు, "గ్యాస్ అయిపోయి ఉంటుంది సార్, తీసుకురండి, రెండు వేలు, గంటలో ఇచ్చేస్తాం." బండి చూడకుండానే. ఒకాయన మాత్రం అంబాసిడర్ అనగానే నవ్వి, అమ్మేసి కొత్తది తీసుకోమన్నాడు. ఉగాది ఆదివారం, రంజాన్ సోమవారం పడటంతో ఆటోనగర్‌లో సగం షెడ్లు మూసి ఉన్నాయి. ఏప్రిల్ 2న పాత బళ్లకి ఏసీ పనులు చేసే ఒక మేస్త్రి షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాను. అరవై దాటిన మనిషి, తొంభైల్లో అంబాసిడర్లకి ఇలాంటి పెట్టెలు చాలా బిగించానన్నాడు.

ఆయన ప్రెజర్ గేజ్ పెట్టలేదు. బానెట్ ఎత్తి, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ కింద వేలు పెట్టి తుడిచి, వేలు నా ముఖం ముందు పెట్టాడు. నల్లటి జిడ్డు. "గ్యాస్ ఊరికే అయిపోదు సార్. ఆయిల్ ఎక్కడుంటే గ్యాస్ అక్కణ్నుంచే పోయింది. ఇది షాఫ్ట్ సీలు, ఇరుసు చుట్టూ గ్యాస్‌ని ఆపేది." తర్వాత పైపుల మీద గ్యాస్ ఎక్కించే నిపుల్స్ చూపించాడు. పాత పైపుల మీద కొత్త అడాప్టర్లు బిగించి ఉన్నాయి. అంటే ఎప్పుడో నాన్న హయాంలో ఎవరో ఈ పాత ఆర్-12 గ్యాస్ సిస్టమ్‌లోకి నేరుగా 134ఏ అనే వేరే గ్యాస్ కొట్టేశారు.

ఇది ఎందుకు ముఖ్యమో అప్పుడే తెలిసింది. ఆర్-12 తయారీ మన దేశంలో 2008లోనే ఆగిపోయింది, ఓజోన్ పొర గొడవ. ఇప్పుడు దొరికేది 134ఏ. కానీ పాత గ్యాస్‌తో తిరిగేది మినరల్ ఆయిల్, 134ఏ దాంతో కలవదు. గ్యాస్ తిరుగుతుంది, ఆయిల్ మాత్రం దాంతోపాటు తిరిగి రాకుండా గాలిని చల్లబరిచే ఎవాపరేటర్లో, పైపుల వంపుల్లో పేరుకుపోతుంది. కంప్రెసర్ ఆయిల్ లేక ఎండిపోతుంది. కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది కాబట్టి కొట్టినవాడికి చెడ్డపేరు రాదు. మీ పాత బండికి "గ్యాస్ మార్చి కొట్టేస్తాం" అని ఎవరైనా అంటే, ఆయిల్ సంగతేంటని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు తడుముకుంటే అక్కణ్నుంచి వచ్చేయండి.

లీకులు తేల్చడానికి నైట్రోజన్ సిలిండర్ తగిలించి, 200 పీఎస్‌ఐ దాకా ప్రెజర్ ఎక్కించి, గిన్నెలో సబ్బునీళ్లు కలిపి పెయింట్ బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూశారు. కంప్రెసర్ ముందు భాగంలో నురగ పొంగింది, అది ఊహించిందే. గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కింది మూలలో చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి. ఒక హోసు కొస నొక్కి బిగించిన చోట (క్రింపింగ్) అయితే చూస్తూ ఉంటే ఒక్క బుడగ మెల్లిగా ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే ఇంకోటి ఉబ్బేది. మేస్త్రి దగ్గరున్న కుర్రాడు దాని పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. ఇలా మూడు చోట్ల గుర్తులు పడ్డాక మేస్త్రి ఎస్టిమేట్ చెప్పాడు: ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై వేలు, పది రోజులు. రెండూ నిజం కాలేదు. కానీ అందులో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఆయన చెప్పింది ఏసీ వరకే. ఏసీ వల్ల మిగతా బండి ఏమంటుందో తర్వాత తెలిసింది.

కంప్రెసర్ విషయంలో రెండు దారులు. పాతది విప్పి సీలు మార్చి రీకండిషన్ చేయిస్తే నాలుగైదు వేలు, కొత్త 508 టైపు అయితే 12,500. లోపల ఆయిల్ లేకుండా ఎంతకాలం తిరిగిందో తెలియనిదాని మీద డబ్బు పెట్టడం ఇష్టంలేక కొత్తదే చెప్పాను. ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్‌లోని షాపు నుంచి మేస్త్రి ఏప్రిల్ 5న ఆర్డర్ పెట్టించాడు. 11న పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె విప్పి, కంప్రెసర్‌ని బెల్టుకి కలిపి విడదీసే క్లచ్ వైర్లు బ్యాటరీకి తగిలిస్తే "టక్" అని గట్టిగా అతుక్కోవాలి. ఇది కదిలీ కదలనట్టు కదిలి ఊరుకుంది. స్టిక్కర్ తిప్పి చూస్తే 24 వోల్టులు. లారీలకి, బస్సులకి పెట్టేది. రెండు రకాలూ పైకి ఒకేలా ఉంటాయి. షాపువాళ్లు తమదే తప్పని ఒప్పుకుని మార్చి పంపారు గానీ, వెనక్కి పంపే ఖర్చు మాదే, సరైనది చేతికొచ్చేసరికి ఏప్రిల్ 24. ఆర్డర్ పెట్టేటప్పుడు వోల్టేజీ, పుల్లీ మీద ఎన్ని గాడులుండాలో రాసి పంపమని నా సలహా. రెండోసారి వచ్చినదానికి రెండు గాడుల పుల్లీ ఉంది, మాది ఒకే బెల్టు. ఇంజను (క్రాంక్) పుల్లీతో లైను కొంచెం తప్పింది. ఇనప స్కేలు రెండు పుల్లీల మీద ఆనించి తేడా కొలిచి, అంత మందం వాషర్లు లేత్ మీద చేయించి బ్రాకెట్‌కి వేశారు. దానికి 900.

ఆ ఖాళీ రోజుల్లో మిగతా పని సాగింది. డ్యాష్ కింద పెట్టె దింపడానికి ఒక పూట పట్టింది. విప్పితే ఎవాపరేటర్ రేకుల మధ్య ఇరవై ఎనిమిదేళ్ల దుమ్ము పిడకల్లా గట్టిపడి ఉంది, దాంట్లో వేపాకులు, ఒక పావలా బిళ్ల. గాలి రావట్లేదని మేము బ్లోయర్‌ని తిట్టుకున్నన్నాళ్లూ అసలు గాలి వెళ్లడానికి దారే లేదు. నీళ్లతో, గాలితో రెండు గంటలు కడిగి, నైట్రోజన్ పట్టించి నీళ్ల తొట్టిలో ముంచారు. నేనూ వంగి చూస్తూ నిలబడ్డాను. ఒక్క బుడగా రాలేదు. ఆ పాత సైజు ఎవాపరేటర్ ఇప్పుడు దొరకడం కష్టం, అది కారి ఉంటే మొత్తం పెట్టే మార్చాల్సి వచ్చేది. ఆ రోజు మేస్త్రికీ కుర్రాడికీ టీతో పాటు పునుగులు కూడా తెప్పించాను. తర్వాత దాని లోపల ఫ్లషింగ్ లిక్విడ్ పోసి నైట్రోజన్‌తో ఊదితే కాఫీ డికాక్షన్ రంగులో ఆయిల్ గుడ్డ మీద పడింది. పడుతూనే ఉంది. తెల్లగా వచ్చేదాకా ఊదించాడు.

కండెన్సర్ ప్యారలల్ ఫ్లో రకం, అంటే సన్నటి గొట్టాలు పక్కపక్కన ఉండేది, వేద్దామన్నాడు మేస్త్రి. పాత పాము వంపుల కండెన్సర్ ఆర్-12కి సరిపోయేది, 134ఏకి ప్రెజర్ ఎక్కువ, వేడి త్వరగా బయటికి పోవాలి. అంబాసిడర్‌కని ఎవరూ తయారుచేసి పెట్టరు, ఉత్తరపారా ఫ్యాక్టరీయే 2014లో మూతపడింది. అందుకని గ్రిల్లు వెనక చోటు కొలిచి, అట్టపెట్టె ముక్కని ఆ కొలతకి కత్తిరించి, రేడియేటర్ ముందు నిలబెట్టి, బానెట్ మూసి తెరిచి చూశాడు. ఆ అట్టముక్క చంకలో పెట్టుకుని షాపుకి వెళ్లి దానికి సరిపోయే కండెన్సర్ ఏరుకొచ్చాడు. 4,200. దాని ముందు పెట్టే ఎలక్ట్రిక్ ఫ్యాన్ 2,300. పైపులన్నీ కొత్తవి, 134ఏకి వాడే బ్యారియర్ హోసు, మా బండి కొలతకే కోసి క్రింప్ చేయించాం, 3,400. డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ప్రెజర్ స్విచ్, ఓరింగులు కలిపి 2,600. డ్రయ్యర్ మూతలు ఆఖరి నిమిషం దాకా విప్పనివ్వలేదు మేస్త్రి. గాలి తగిలితే తేమ పీల్చుకుని ముందే పాడవుతుందట.

ఏప్రిల్ 27 సాయంత్రం అంతా బిగించి వాక్యూం పెట్టారు. ముప్పావు గంట పంపు నడిపి, ఆపి, గేజ్ ముల్లు ఎక్కడుందో పక్కనే సుద్దతో గీత గీసి తాళం వేసుకుని వెళ్లిపోయాం. తెల్లారి వెళ్లేసరికి ముల్లు గీత మీదే ఉంది, అంటే లీకు లేదు. 134ఏతో కలిసే కొత్త పీఏజీ ఆయిల్ కొలత చూసుకుని, తూకం మీద సిలిండర్ పెట్టి 650 గ్రాముల దాకా గ్యాస్ ఎక్కించారు. ఆయిల్, గ్యాస్, నైట్రోజన్ అన్నీ కలిపి 2,400.

ఏప్రిల్ 28 మధ్యాహ్నం, బయట 41 డిగ్రీలు. ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశాం. గాలి రంధ్రంలో పెట్టిన థర్మామీటర్ 30, 24, 19... అంతే, అక్కడ ఆగి మళ్లీ పైకి. ప్రెజర్ ఎక్కువుండే వైపు (హై సైడ్) గేజ్ 340 పీఎస్‌ఐ దాటి ఎక్కుతోంది. మేస్త్రి బండి ఆపించేశాడు. గ్యాస్ ఎక్కువైందా అని కొంచెం తీశారు, తేడా లేదు. నాకు టెన్షన్ మొదలైంది, కొత్త కంప్రెసర్ మొదటి రోజే పోతుందేమోనని. ఇంతలో కుర్రాడు బల్ల మీదున్న బిల్లు కాగితం ఒకటి తీసి గ్రిల్లు ముందు పట్టుకున్నాడు. ఫ్యాన్ తిరుగుతుంటే ఆ కాగితం లోపలికి లాక్కుని గ్రిల్లుకి అతుక్కోవాలి. అది రెపరెపలాడుతూ మా మొహాల వైపు ఎగిరింది. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ వెనక్కి. ఎలక్ట్రీషియన్ వైర్లు తారుమారు చేసి కలిపాడు. ఇంజను ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంటే ఇది బయటికి నెడుతోంది. మధ్యలో కండెన్సర్‌కి గాలే లేదు. వైర్లు మార్చాక కాగితం ఠక్కున అతుక్కుంది, హై సైడ్ 260కి దిగింది, తీసిన గ్యాస్ మళ్లీ ఎక్కించారు, థర్మామీటర్ 11 చూపించింది. గేజ్‌లు, సిలిండర్లు, ఇంతమంది అనుభవం ఉన్న చోట జబ్బు పట్టుకున్నది కాగితం ముక్క. ఫ్యాన్ బిగించిన ప్రతి బండికీ ఇది చూసుకోవాలి, పైసా ఖర్చు లేదు.

బండి ఇంటికొచ్చింది ఏప్రిల్ 30న. అప్పటికి లేబర్ 8,000తో సహా ముప్ఫై ఆరు వేలు దాటింది. అయిపోయిందనుకున్నాను.

మే 3న బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏసీ క్లచ్ పడగానే ఒక్క కుదుపు, మళ్లీ ఆగింది. వెనక హారన్లు. ఏసీ కట్టేస్తే బాగానే ఉంది. కార్బురేటర్ బండికి ఏసీ వేసినప్పుడు ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం) పెంచే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి, మాకు పాతది ఎప్పుడో తీసేసినట్టున్నారు. ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేస్తే సరిపోదా అని అడిగాను. ఏసీ లేనప్పుడు కూడా ఇంజను అరుస్తూ ఉంటుంది, పెట్రోల్ తాగుతుంది అన్నాడు మేస్త్రి. పాత మారుతి 800 ఏసీ బళ్లలో చిన్న వాక్యూం డబ్బా, సోలినాయిడ్ వాల్వు ఉండేవి, ఏసీ క్లచ్ పడినప్పుడు మాత్రమే థ్రాటిల్‌ని కాస్త లాగి పట్టుకుంటాయి. తుక్కు షాపులో అది వెతికి పట్టుకుని, ఒక రేకు ముక్కతో బ్రాకెట్ చేసి పెట్టారు. దాని ధర లెక్కలో వేసుకోలేదు మేస్త్రి, అడిగితే "పోనివ్వండి సార్" అన్నాడు. ఇప్పుడు క్లచ్ పడగానే ఇంజను చప్పుడు కొంచెం పెరిగి నిలబడుతుంది.

ఆ తర్వాత వేడి. ఏసీ వేసి బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పదిహేను నిమిషాలు తిరిగితే టెంపరేచర్ ముల్లు మూడొంతులకి వెళ్తోంది. ఏసీ బయటికి తోసే వేడంతా నేరుగా రేడియేటర్ మీదే పడుతుంది. ఏసీ లేనన్నాళ్లూ సగం మూసుకుపోయిన రేడియేటర్‌తోనే బండి నెట్టుకొచ్చిందన్నమాట. రేడియేటర్ షాపులో పై ట్యాంకు విప్పితే గొట్టాల నోళ్లు తుప్పు, ఉప్పు పట్టి మూసుకుపోయి కనిపించాయి. ఇన్నాళ్లూ పోసింది బోరు నీళ్లే మరి. కొత్త కోర్ (గొట్టాల భాగం) వేయడానికి 5,500, రెండు రోజులన్నారు, నాలుగు రోజులు పట్టింది. కూలెంట్ పోయించాను. ఇక్కడ మాత్రం ఎవరేం చెప్పినా వినండి: ఏసీ పనితో పాటే రేడియేటర్ కూడా విప్పించి చూపించుకోండి. ఎలాగూ కండెన్సర్ బిగించడానికి ముందు భాగమంతా విప్పుతారు, తర్వాత చేయిస్తే అదే పనికి రెండోసారి కూలీ.

మే మధ్యలో ఒక సాయంత్రం గాలివాన. హెడ్‌లైట్లు, వైపరు, ఏసీ అన్నీ వేసేసరికి డ్యాష్‌లో బ్యాటరీ ఎర్రలైటు మినుకుమంది, బ్లోయర్ నీరసపడింది. ఎలక్ట్రీషియన్ లెక్క చెప్పాడు. బ్లోయర్ పది ఆంపియర్లు, కండెన్సర్ ఫ్యాన్ ఎనిమిది, క్లచ్ నాలుగు, హెడ్‌లైట్లు పది. కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ ఐడిల్‌లో అంత ఇవ్వలేదు. రీకండిషన్ చేసిన పెద్ద ఆల్టర్నేటర్ 5,800, కొత్త వైరు లాగి, ఫ్యాన్‌కీ క్లచ్‌కీ వేరువేరు రిలేలు, ఫ్యూజులు పెట్టడానికి 1,600. పాత వైరింగ్ మీద పన్నెండు ఆంపియర్లు అదనంగా లాగడం అంటే మంటలతో ఆట. ఈ ఖర్చు మాత్రం నాకు అస్సలు బాధనిపించలేదు.

ఇంతా అయ్యాక కూడా మధ్యాహ్నం పూట బండి లోపల చల్లబడలేదు. గాలి రంధ్రం దగ్గర 9 డిగ్రీలు. వెనక సీట్లో 33. అమ్మ వెనకాలే కూర్చుంటుంది. మేస్త్రి ఏసీలో తప్పు లేదన్నాడు, నిజమే. అప్పుడు ఇంటి దగ్గర నేనే ఒక పని చేశాను. బ్లోయర్ ఆపి, అద్దాలన్నీ ఎక్కించి, ఇంజను నడుస్తుండగా అమ్మ పూజగదిలోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించి డ్యాష్ కింద, పెడల్స్ దగ్గర, డోర్ల అంచుల్లో పట్టుకుని చూశాను. క్లచ్ పెడల్ రంధ్రం దగ్గర పొగ ఒక్కసారిగా లోపలికి విసిరినట్టు కొట్టింది. ఇంజన్లో వేడిగాలి నేరుగా కాళ్ల మీదికి వస్తోంది. గేర్ రాడ్ కింద రబ్బరు చిరిగింది. ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే రేకుకి (ఫైర్‌వాల్) ఎప్పుడో తీసేసిన వైర్ల తాలూకు చిల్లులు అలాగే ఉన్నాయి. అద్దం ముందున్న గాలి మూత సరిగా మూసుకోవట్లేదు. ముందు డోర్ల చిన్న అద్దాల చుట్టూ రబ్బరు ఎండి రాయిలా ఉంది.

సీటు వర్క్స్ వాళ్ల దగ్గర నాలుగు రోజులు బండి పెట్టి రబ్బర్లన్నీ మార్పించి, చిల్లులు మూయించి, ఫ్లోర్ మీద, ఫైర్‌వాల్ మీద, పైకప్పు గుడ్డ కింద ఇన్సులేషన్ షీటు వేయించాను. 4,700. పైకప్పుదే పెద్ద తేడా చేసింది. అంతకుముందు ఎండలో లోపలినుంచి చెయ్యి పెడితే కాలేది. అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయమన్నారు, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నప్పటినుంచీ పోలీసులు ఆపితే ఎవరికి సమాధానం చెప్తాం, జాలీ తెరలతో సరిపెట్టాను. మళ్లీ కొలిస్తే ఇరవై నిమిషాలకి వెనక సీట్లో 27. ఎస్టిమేట్‌లో ఎక్కడా లేని ఈ నాలుగు వేల ఏడు వందలు, పన్నెండు వేల కంప్రెసర్ కంటే ఎక్కువ చల్లదనం ఇచ్చాయని నా అభిప్రాయం. మేస్త్రి ఒప్పుకోడు.

అంతా పూర్తయ్యేసరికి మే 25, రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగలాల్సిన ఎండలకి బదులు ఈ ఏడాది నైరుతి తొందరపడి నెలాఖరులోపే వచ్చేసింది, ఆకాశం నిండా మబ్బులు. "నీ ఏసీ అయ్యేదాకా ఎండలు ఆగలేకపోయాయి" అని మా ఆవిడ నవ్వింది. జూన్‌లో మళ్లీ ఎండ కాసింది. 8వ తేదీ ఆదివారం పదకొండు గంటలకి అమ్మని ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాం. గన్నవరం దాటేదాకా అమ్మ పైట భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది, చలేస్తోందని. హనుమాన్ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి గాలి తగ్గడం మొదలైంది. చల్లగానే ఉంది, కానీ గాలి లేదు. బ్లోయర్ చప్పుడు మామూలుగానే ఉంది. పక్కన ఆపి చూస్తే డ్యాష్ కింద పైపు మీద తెల్లగా మంచు. ఎవాపరేటర్ గడ్డకట్టి గాలి దారి మూసుకుంది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం వేసుంచమని ఫోన్‌లో మేస్త్రి చెప్పాడు. ఐదు నిమిషాలకి మంచు కరిగింది, కరిగిన నీళ్లు కింది గొట్టంలోంచి రోడ్డు మీద పడకుండా మా ఆవిడ చెప్పుల్లో పడ్డాయి. కొత్తగా వేసిన ఫ్లోర్ షీటు కింద డ్రెయిన్ గొట్టం నలిగిపోయి ఉంది. మిగతా దారి అంతా పావుగంటకోసారి ఏసీ ఆపి వేసుకుంటూ వెళ్లాం. అమ్మకి ఇదేమీ పట్టలేదు, అక్క వాళ్లింట్లో దిగగానే బండిలో చలేసిందని అందరికీ చెప్పింది.

ఆ మర్నాడు ఆటోనగర్‌లో థర్మోస్టాట్ తిప్పి, దాని సన్నటి రాగి తీగని ఎవాపరేటర్ రేకుల్లోకి ఇంకాస్త లోతుగా గుచ్చారు. పైకి తేలి ఉండటంతో అది గడ్డకట్టిన సంగతే దానికి తెలియలేదట. డ్రెయిన్ గొట్టం మార్చారు. రెండింటికీ డబ్బు తీసుకోలేదు. అప్పటినుంచి హైవే మీద గంటన్నర నడిపినా గడ్డకట్టలేదు.

మొత్తం లెక్క 53,900. ఎస్టిమేట్ ముప్ఫై. మైలేజీ పది ఇచ్చేది ఏసీ వేస్తే ఎనిమిదిన్నర ఇస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ బరువు కాలికి తెలుస్తుంది, కానీ 1800 ఇంజను కాబట్టి లాగేస్తుంది. పాత 1489 సీసీ బీఎంసీ ఇంజను అంబాసిడర్‌ ఉన్నవాళ్లు ఇంత పని పెట్టుకునే ముందు అలాంటి బండిలో ఏసీ వేసుకున్నవాళ్లని ఎవరినైనా పట్టుకుని ఎక్కి చూడండి. పాత సామాన్లు అడిగి తీసుకోండి, నా పాత కంప్రెసర్‌ని బాగుచేసుకుంటానని ఒకతను 1,500 ఇచ్చి పట్టుకెళ్లాడు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయమన్నాడు మేస్త్రి, ఆయిల్ తిరిగితేనే షాఫ్ట్ సీలు ఎండకుండా ఉంటుందట. ఫోన్‌లో ఆదివారం ఉదయానికి అలారం పెట్టుకున్నాను.

బ్లోయర్ మాత్రం మూడో స్పీడులో కీచుమంటోంది. మోటారు బుష్‌లు అరిగాయట, మార్చాలంటే డ్యాష్ కింద పెట్టె మళ్లీ దింపాలి. దసరా దాకా రెండో స్పీడుతో నెట్టుకొద్దామనుకుంటున్నాం.